పట్టుచీర ఫొటోల్లో రంగు తేడా వస్తోందంటే ఏ మానిటర్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: అనంతపురంలో డిజైన్ సెంటర్ ఉంది. ధర్మవరం పట్టుచీరల అంగళ్లకు ఫొటోలు ఎడిట్ చేసి ఇస్తారు. అవి వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మకానికి వెళ్తాయి. "ఫొటోలో చూసిన రంగు ఇది కాదు" అని చీరలు వెనక్కి వస్తున్నాయి, అంగడివాళ్లు మీ మీద పడుతున్నారు. ఇప్పుడు వాడుతున్నది 27 అంగుళాల కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్, వీఏ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం). చేతిలో 45 వేలు ఉన్నాయి, 99 శాతం అడోబీ ఆర్‌జీబీ (మామూలు కంటే విశాలమైన రంగుల పరిధి) అని రాసి ఉన్న 4కె మానిటర్ మీద కన్ను పడింది. అది కొంటే ఈ గోల వదులుతుందా? ఏడాదికోసారి శివకాశిలో క్యాటలాగ్ కూడా అచ్చు వేయిస్తామన్నారు.

వదలదు. ఆ డబ్బులో సగం పెట్టి ఒక మంచి ఎస్‌ఆర్‌జీబీ (ఫోన్లు, వెబ్ వాడే మామూలు రంగుల పరిధి) మానిటర్, మిగతా సగంతో ఒక క్యాలిబ్రేటర్ (స్క్రీన్ రంగులు కొలిచి సరిచేసే సాధనం), రెండు సరైన లైట్లు తీసుకుంటే చాలావరకు వదులుతుంది. నేను కడపలో ప్రీప్రెస్ పని, అంటే అచ్చుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసే పని చూస్తాను, ప్రొద్దుటూరు నగల అంగళ్ల క్యాటలాగులు, పెళ్లి ఆల్బమ్‌లు, స్టూడియోల స్క్రీన్ల క్యాలిబ్రేషన్ అన్నీ నా దగ్గరికి వస్తుంటాయి. రంగు తేడా అంటూ వచ్చిన వాటిలో ఒక్క మానిటర్ మార్చగానే తీరిపోయినవి తక్కువ.

అందరూ కలిపేసే రెండు సంగతులు ముందు విడదీసుకుందాం. స్పెసిఫికేషన్‌లో కనిపించే 99 శాతం, 100 శాతం అనేవి గ్యామట్ లెక్కలు. ఆ స్క్రీన్ ఎంత గాఢమైన ఎరుపు, ఎంత గాఢమైన పచ్చ దాకా పోగలదో అవి చెప్తాయి, అంతే. ఖచ్చితత్వం వేరే. ఫైల్‌లో ఒక పిక్సెల్‌కు ఏ నంబర్లు ఉన్నాయో, వాటికి తగ్గ రంగునే స్క్రీన్ చూపిస్తుందా లేదా అన్నది అసలు ప్రశ్న. క్వింటాలు తూచే కాటా కొన్నంత మాత్రాన తులం బంగారం తూకం సరిగ్గా వస్తుందా? అడోబీ ఆర్‌జీబీ మొత్తం చూపించగలిగే మానిటర్ కూడా సెట్టింగ్ సరిగ్గా లేకపోతే మెరూన్‌ను ఇటుక రంగులో చూపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. మీ ఫొటో చివరికి చేరేది ఎక్కడికి? ఎవరో ఒకావిడ ఫోన్‌కు. ఫోన్లు, బ్రౌజర్లు, సోషల్ మీడియా యాప్‌లు ఇప్పటికీ మామూలుగా లెక్కలోకి తీసుకునేది ఎస్‌ఆర్‌జీబీనే. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేసిన ప్రమాణం అది, 1999లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. వైడ్ గ్యామట్ మానిటర్ మీద, కలర్ మేనేజ్‌మెంట్ (ఫైల్ రంగుల్ని ఆ స్క్రీన్‌కు తగ్గట్టు మార్చే ఏర్పాటు) లేని సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఆర్‌జీబీ ఫొటో తెరిస్తే రంగులు ఉన్నదానికంటే గాఢంగా కనిపిస్తాయి. మీరు "అబ్బా, ఎక్కువైంది" అనుకుని శాచురేషన్ తగ్గిస్తారు. ఆ ఫొటో కస్టమర్ ఫోన్‌లో వెలిసిపోయినట్టు కనబడుతుంది. దీన్ని దాటాలంటే ప్రొఫైళ్లు (ఫైల్‌లోని నంబర్లకు అసలు రంగు ఏదో చెప్పే వివరాలు) ఎలా పనిచేస్తాయో తెలిసి ఉండాలి, ప్రతి అడుగులో జాగ్రత్త కావాలి. ఆన్‌లైన్ అమ్మకాల ఫొటోలకు అంత దూరం పోనక్కర్లేదు.

అసలు కొత్తది కొనే ముందు, రూపాయి ఖర్చు లేకుండా మీ పాత మానిటర్‌నే ఒకసారి దారిలో పెట్టి చూడండి. మెనూలో గేమింగ్, వివిడ్, రేసింగ్ లాంటి మోడ్ ఏదో ఆన్‌లో ఉండి ఉంటుంది, దాన్ని ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మార్చండి. డైనమిక్ కాంట్రాస్ట్, లో బ్లూ లైట్, ఐ కేర్ లాంటివన్నీ ఆఫ్ చేయండి. విండోస్‌లో నైట్ లైట్ కూడా. సాయంత్రం కాగానే స్క్రీన్ దానంతటది పసుపు రంగుకు తిరిగితే, ఆ టైంలో చేసిన ఎడిటింగ్ అంతా నీలం వైపు జారిపోతుంది. తర్వాత బ్రైట్‌నెస్. గేమింగ్ మానిటర్లు 300 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత), ఆపైన వెలుగుతో వస్తాయి, మనకు కావాల్సింది 100 నుంచి 120. కొలిచే సాధనం లేకపోతే తెల్ల ఏ4 కాగితం ఒకటి స్క్రీన్ పక్కన పట్టుకుని, ఖాళీ తెల్ల పేజీ తెరవండి. స్క్రీన్ తెలుపు ట్యూబ్‌లైట్ మాదిరి వెలిగిపోకుండా గదిలో కాగితం ఎంత తెల్లగా ఉందో దాదాపు అంతే ఉండేదాకా తగ్గించండి. మొదట్లో డల్‌గా అనిపిస్తుంది, కొద్దిరోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. "ఫొటోలు ఫోన్‌లో చీకటిగా వస్తున్నాయి" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఎడిట్ చేసిన స్క్రీన్ మరీ వెలుగుగా ఉండటం వల్లే.

కేబుల్ సంగతి చాలామందికి తెలియదు. హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు కొన్ని కంప్యూటర్లు మానిటర్‌ను టీవీ అనుకుని, 0 నుంచి 255 వరకు పంపాల్సిన సిగ్నల్‌ను 16 నుంచి 235 వరకే పంపుతాయి. అప్పుడు నలుపు బూడిద రంగులో, తెలుపు మురికిగా కనబడి, ఫొటో మొత్తం మంచు పట్టినట్టు ఉంటుంది. మీరు కాంట్రాస్ట్ పెంచేస్తారు, నల్ల బార్డర్ ఉన్న చీరలో నేత పని అంతా ఆ నలుపులో కలిసిపోతుంది. గ్రాఫిక్స్ కార్డ్ కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని ఫుల్ చేయండి. వీలైతే డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ వాడండి. సరిపోయిందో లేదో చూడటానికి ఫొటోషాప్‌లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద మూడు చిన్న గళ్లు గీసి, వాటికి 5, 10, 15 విలువలు ఇవ్వండి. మూడో గడి తేలిగ్గా, రెండోది కాస్త కష్టంగా, మొదటిది కళ్లు చికిలిస్తే కనబడాలి. మూడూ నలుపులో కలిసిపోతే నీడల భాగంలో మీరు చేసేదంతా గుడ్డి పనే.

ఇన్ని చేసినా వీఏ ప్యానెల్‌కు ఒక స్వభావం ఉంది, అది పోదు. కూర్చున్న చోటు నుంచి తల కాస్త పక్కకు జరిపినా ముదురు రంగుల్లో తేడా వస్తుంది. 27 అంగుళాల స్క్రీన్ మధ్యలో చూసిన ముదురు ఆకుపచ్చ, అదే స్క్రీన్ మూలలో వేరుగా ఉంటుంది. కాబట్టి మానిటర్ మార్చాలన్న మీ ఆలోచన తప్పు కాదు. కొనాల్సింది ఐపీఎస్ ప్యానెల్, పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని రకం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ సమస్యలో సగం మానిటర్ దాకా రాకముందే మొదలవుతోంది.

ధర్మవరం చీరల పేరే డబుల్ షేడ్‌తో ముడిపడింది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. పడుగు పచ్చ, పేక రాణీ పింక్ అనుకోండి. ఎదురుగా వెలుగు పడితే ఒక రంగు, మడత మీద ఇంకోటి, చీర కదిలితే రెండూ కలిసిన మూడోది. నెమలికంఠం రంగు చీర ఏ కోణంలో తీసినా "ఇదే దీని రంగు" అని చెప్పగలిగే ఫొటో ఉండదు. ఆ చీరకు ఒక్క ఫొటో పెట్టి అమ్మితే, ఎంత ఖరీదైన స్క్రీన్ మీద ఎడిట్ చేసినా కొన్నావిడ మోసపోయానని అనుకుంటుంది. అంగడివాళ్లకు గట్టిగా చెప్పండి: డబుల్ షేడ్ చీరకు పరిచిన ఫొటో ఒకటి, కుచ్చిళ్లు పెట్టి మడతలు కనబడేలా ఒకటి, చేత్తో ఊపుతూ పది సెకండ్ల వీడియో ఒకటి ఉండాల్సిందే. దీనికి కలర్ మేనేజ్‌మెంట్‌తో పని లేదు, అయినా వెనక్కి వచ్చే చీరల్ని తగ్గించడంలో నా మానిటర్ సలహాలన్నిటికంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది.

రెండోది లైటు. అంగడిలో పసుపు లైట్ల కింద తీస్తే జరీ ధగధగలాడుతుంది, అందుకే వాళ్లకు అవంటే ఇష్టం. కానీ అదే వెలుగులో ఉల్లిపొర రంగు గంధం రంగులోకి జారుతుంది. పోనీ తెల్ల ఎల్‌ఈడీ పెడదామంటే అందులోనూ తిరకాసుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బుల సీఆర్‌ఐ 80 దగ్గర ఉంటుంది. సీఆర్‌ఐ అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే కొలత, నూటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. 80 ఉన్న బల్బులు గాఢమైన ఎరుపు దగ్గర బాగా బలహీనం. మెరూన్, కుంకుమ రంగు, బచ్చలిపండు రంగు, పట్టులో ఎక్కువ అమ్ముడయ్యేవన్నీ ఆ వరుసలోనివే. ఆ ఎరుపు కెమెరాలోకే రాకపోతే మీరు ఫొటోషాప్‌లో ఎక్కడినుంచి తెస్తారు? సీఆర్‌ఐ 95 పైన, 5000 నుంచి 5600 కెల్విన్ (వెలుగు ఎంత పసుపో, ఎంత నీలమో చెప్పే కొలత) మధ్య ఉండే లైట్లు రెండు కొనండి. ఫొటోగ్రఫీ లైట్లు అమ్మేచోట దొరుకుతాయి, పెద్ద ఖరీదు కాదు. ఒకే ఫొటోలో ఆ లైట్లూ, కిటికీ వెలుగూ, సీలింగ్‌లోని ట్యూబ్‌లైటూ మూడూ కలవనివ్వకండి. మన ఎండకేం, వసారాలో తీస్తే చాలు అంటారు కొందరు. ఎండ పడని నీడలో వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి నీలంగా ఉంటుంది, బూడిద రంగు కార్డు లేకుండా అక్కడ తీసినవన్నీ చల్లగా వస్తాయి.

ఆ కార్డు మాట చెప్పేస్తాను. 18 శాతం గ్రే కార్డు ఒకటి కొని, లైట్ల కింద చీర పక్కన పెట్టి మొదటి షాట్ తీయమనండి. మీరు రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్చకుండా ఇచ్చిన ఫైల్ తెరిచి డ్రాపర్‌తో ఆ కార్డు మీద క్లిక్ చేస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడే సర్దుబాటు) కుదురుతుంది, ఆ సెట్టింగ్‌నే మిగతా ఫొటోలన్నిటికీ అతికించవచ్చు. కంటితో అంచనా వేస్తూ ఒక్కో చీరకు ఒక్కోలా మార్చడం కంటే ఇది వందరెట్లు మేలు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వంకాయ రంగు, బచ్చలిపండు రంగు చాలా కెమెరాల్లో నీలం వైపు జారుతాయి. కొన్ని అద్దకాల రంగును కెమెరా సెన్సర్ మన కన్ను చూసినట్టు చూడదు. అక్కడ మాత్రం చీరను చేతిలో పట్టుకుని, అదే మంచి లైటు కింద, స్క్రీన్ పక్కన పెట్టుకుని ఆ ఒక్క రంగును సెలెక్ట్ చేసి సరిచేయడం తప్ప మార్గం లేదు. ఆ పని చేయాలంటే మీ స్క్రీన్ నిజం చెప్పేదై ఉండాలి. మానిటర్ ఖచ్చితత్వం అసలు అవసరమయ్యేది ఇక్కడ.

కాబట్టి ఏం కొనాలి? 24 లేదా 27 అంగుళాల ఐపీఎస్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, నిజమైన 8 బిట్, ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ రిపోర్టుతో వచ్చేది. ఆసుస్ ప్రోఆర్ట్‌లో పీఏ248క్యూవీ, పీఏ278క్యూవీ ఈ కోవలోవే. మొదటిది 24.1 అంగుళాలు, నిలువు కాస్త ఎక్కువుండే 1920×1200. రెండోది 27 అంగుళాలు, 2560×1440. డెల్ అల్ట్రాషార్ప్, బెన్‌క్యూ పీడీ, వ్యూసోనిక్ కలర్‌ప్రో వరుసల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ధరలు వారానికోలా మారుతుంటాయి కాబట్టి ఆ రోజు ఏది తక్కువకు వస్తే అది తీసుకోండి, వీటి మధ్య మీ పనికి తేడా ఏమీ ఉండదు. ఐజో కలర్‌ఎడ్జ్ సీజీ లాంటివి, సెన్సర్ లోపలే ఉండి తనను తాను క్యాలిబ్రేట్ చేసుకునేవి, అద్భుతమే. కానీ మన ఊళ్లలో ఈ పనికి పెట్టే డబ్బు కాదు అది.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు కొన్ని చోట్ల ఆగండి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల పరిధి) అని ఉంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అని అర్థం. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో మూడోవంతు పైగా లేనట్టే, చవక ల్యాప్‌టాప్‌లన్నీ అవే, వాటిమీద చీర రంగు నిర్ణయించకండి. 8 బిట్ అంటే ఒక్కో రంగుకు 256 మెట్లు, మొత్తం కోటీ 67 లక్షల రంగులు. 6 బిట్ ప్యానెల్‌కు నిజంగా ఉన్నవి 2,62,144 మాత్రమే, మిగతావి పిక్సెళ్లను వేగంగా మార్చి కన్నును నమ్మిస్తాయి. 10 బిట్ గురించి దుకాణాల్లో ఊదరగొడతారు. గ్రేడియెంట్లు నునుపుగా రావడానికి అది పనికొస్తుంది, రంగు సరిగ్గా ఉండటానికి దానికీ సంబంధం లేదు. డెల్టా ఇ 2 లోపు అని రాస్తారు. అసలు రంగుకూ స్క్రీన్ రంగుకూ మధ్య దూరం అది. 1 లోపైతే కన్ను పట్టలేదు, 3 దాటితే పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. పెట్టె మీద రాసేది సగటు, ఒకటి రెండు రంగుల్లో అది 4 కూడా ఉండొచ్చు. పైగా ఆ రిపోర్టు ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజుకు మాత్రమే చెల్లుతుంది. బ్యాక్‌లైట్ వాడేకొద్దీ మారుతుంది.

అందుకే క్యాలిబ్రేటర్. స్క్రీన్‌కు ఆనించి పెట్టే చిన్న మౌస్ లాంటి సాధనం. క్యాలిబ్రైట్, డేటాకలర్ స్పైడర్ అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. పదిహేను వేల పైమాటే, అక్కడే అందరూ వెనక్కి తగ్గుతారు. నెలకోసారి ఓ అరగంట పడే పనికి ఒక్కరే కొనాలని ఏముంది? మీ వీధిలోనే స్టూడియోలు, ఫ్లెక్స్ సెంటర్లు ఉంటాయి, ముగ్గురు కలిసి ఒకటి తీసుకుని తిప్పుకోండి. కడపలో అలా నడుస్తోంది, ఇంతవరకు గొడవలేమీ రాలేదు, పెట్టె తాళం ఎవరి దగ్గరుండాలన్న దానిమీద తప్ప.

క్యాలిబ్రేట్ చేసే ముందు మానిటర్ అరగంటైనా ఆన్‌లో ఉండాలి. లక్ష్యాలు ఇవి పెట్టుకోండి: వైట్ పాయింట్ డీ65, అంటే 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.2, వెలుగు 120 నిట్స్ లేదా కొంచెం తక్కువ. బ్రైట్‌నెస్, ఎరుపు, పచ్చ, నీలం గెయిన్‌లు మానిటర్ మెనూలోనే చేతనైనంత దగ్గరికి తెచ్చి, మిగిలిన కొంచెం సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి. మొత్తం గ్రాఫిక్స్ కార్డ్ చేత చేయిస్తే మెట్లు తగ్గి, గ్రేడియెంట్లలో చారలు వస్తాయి. సాధనంతో వచ్చే సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే డిస్‌ప్లేక్యాల్ ఉచితం, కాస్త ఓపిక కావాలి. తయారైన ఐసీసీ ప్రొఫైల్ (ఆ స్క్రీన్ రంగుల వివరాల ఫైల్) విండోస్‌లో ఆ మానిటర్‌కు డీఫాల్ట్‌గా పడిందో లేదో చూడండి. ఆ తర్వాత మానిటర్ బటన్ల జోలికి ఎవరినీ పోనివ్వకండి. బ్రైట్‌నెస్ ఒక్క పాయింట్ మార్చినా ఆ ప్రొఫైల్ అబద్ధమైపోతుంది. స్క్రీన్ వెనక గోడ గులాబీ రంగులోనో చిలకపచ్చలోనో ఉంటే, లేత బూడిద రంగు వేయించండి. గోడ రంగు కన్నును మోసం చేస్తుంది.

ఎగుమతి చేసేటప్పుడు కన్వర్ట్ టు ఎస్‌ఆర్‌జీబీ, ఎంబెడ్ ప్రొఫైల్ రెండూ టిక్ చేసి ఉండాలి. ఫొటోగ్రాఫర్ కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టి జేపెగ్ ఇచ్చి, మధ్యలో ప్రొఫైల్ ఊడిపోతే ఫోన్లలో చీర పేలవంగా కనబడుతుంది. ఎవరూ కారణం కనిపెట్టలేరు.

కస్టమర్ ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటే ఏం చేస్తాం అంటారా? ఏమీ చేయలేం. మంచి అమోలెడ్ ఫోన్ ఒకటి, చవక ఎల్‌సీడీ ఫోన్ ఒకటి పక్కన పెట్టుకుని, ఎడిట్ చేసిన ఫొటో రెండింటిలోనూ చూడండి. రెండింటిలోనూ అది ఆ చీరే అని గుర్తుపట్టేలా ఉంటే పంపేయండి. కొందరు డిజైనర్లు ఫోన్లను చూసి ఎడిటింగ్ మారుస్తారు, అది అంతులేని పని. ఫొటో కింద మాటల్లో రంగు రాయమని అంగడివాళ్లకు చెప్పండి: "బాటిల్ గ్రీన్ బాడీ, బచ్చలిపండు రంగు బార్డర్" అని. మన ఆడవాళ్లు ఆ మాటలు చదివితే స్క్రీన్ మీద ఏముందో మర్చిపోతారు.

శివకాశి క్యాటలాగ్ లెక్క వేరు. అక్కడ రాణీ పింక్, చిలకపచ్చ, ఆనంద బ్లూ నాలుగు ఇంకుల్లో పూర్తిగా రావు, అది మానిటర్ తప్పూ కాదు, ప్రెస్‌వాళ్ల తప్పూ కాదు. ఫైల్ తయారుచేసే ముందే ప్రెస్‌కు ఫోన్ చేసి ఏ ప్రొఫైల్ వాడాలో అడగండి. వాళ్లు ఏమీ చెప్పకపోతే ఆర్ట్ పేపర్‌కు ఫోగ్రా 39 అనే అచ్చు ప్రొఫైల్ పెట్టుకోండి. ఫొటోషాప్ డీఫాల్ట్‌గా ఇచ్చే స్వాప్ ప్రొఫైల్ అమెరికా వెబ్ ఆఫ్‌సెట్‌ది, మనకు పనికిరాదు. ఫొటోషాప్‌లో ప్రూఫ్ కలర్స్ (అచ్చులో ఎలా వస్తుందో స్క్రీన్ మీద చూపేది) ఆన్ చేసి, గ్యామట్ వార్నింగ్‌లో ఏ చీరలు బూడిద రంగు మచ్చలతో నిండిపోతున్నాయో చూసుకుంటే, ఏవి దెబ్బతింటాయో అచ్చుకు ముందే తెలిసిపోతుంది. జరీ బంగారు మెరుపు పసుపు, మెజెంటా కలిపితే రాదు. కవర్ పేజీ మీదైనా మెరవాలంటే ఐదో ప్లేటుగా గోల్డ్ ఇంక్ వేయించాలి, ఖర్చు ముందే మాట్లాడుకోండి. అంగడి యజమానిని కూర్చోబెట్టి, 5000 కెల్విన్ లైటు కింద ప్రూఫ్‌నూ (నమూనా అచ్చు) అసలు చీరల్నీ పక్కపక్కన చూపించి, ఆ ప్రూఫ్ మీద ఆయన చేతే సంతకం పెట్టించుకున్నాకే ప్రెస్‌కు ఓకే చెప్పండి.